పాప పండుకున్న గంటసేపు

దుర్గేశ్ డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి పాప నెత్తిమీద ఎర్ర ఉన్ని టోపీ సగం వరకు దిగి అక్కడే ఆగిపోయింది. రమ్యశ్రీ రెండు చేతులతో దాన్ని కిందికి లాగుతోంది. పాప కళ్లు పెద్దవి చేసుకుని, ఏడవాలా వద్దా అని ఆలోచిస్తోంది.

"గుంజకు, చెవులు ఊడొస్తయి" అన్నాడు దుర్గేశ్, ఖాకీ చొక్కా గుండీలు విప్పుతూ.

"నేను గుంజుతలేను. నీ బిడ్డ తలకాయనే ఆగుతలేదు. టోపీ మొదలువెట్టినప్పుడు సంత్రపండంత ఉండె."

"పెరగకుంటె దవాఖానకు తోల్కపోవాలె. పెరిగితే నీకు కోపం."

రమ్య టోపీ తీసింది. అంచు దగ్గర ముడి వెతికి, దారం కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఇన్నాళ్ల అల్లిక చర్రున ఊడిపోయి ఒళ్లో కుప్పగా పడింది. ఆ టోపీ అలా ఊడటం మొదటిసారి కాదు. ప్రతిసారీ అది పూర్తయ్యేలోపు తల దానికంటే ముందుకు వెళ్లిపోతోంది.

పాప ఇప్పుడు ఏడ్చింది.

నిజానికి తప్పు తలది కాదు, టోపీది కూడా కాదు. బిడ్డ కడుపులో ఉండగా ఆ బిడ్డ కోసం సూది పట్టకూడదని అత్త సంగమ్మ గట్టిగా చెప్పింది. పుట్టనిదానికి బట్ట కుట్టడమంటే దేవుడు ఇవ్వకముందే చెయ్యి చాపి లాక్కున్నట్టట. అందుకని చేతినిండా తీరిక ఉన్న నెలలన్నీ రమ్య ఊరికే కూర్చుని గోడలు చూసింది. పుట్టినాక కుట్టుకో అన్నారు. పుట్టింది. అప్పుడు బాలింత సూది పట్టొద్దన్నారు. బాలింతతనంలో సూది పట్టినందుకే తన కళ్లకు మసక వచ్చిందని సంగమ్మ నమ్మకం. మనూర్‌లో తల్లిగారింట్లో ఉన్నన్ని రోజులు తల్లి కూడా అదే పాట పాడింది. వియ్యపురాళ్లిద్దరికీ పప్పులో ఉప్పు దగ్గర కూడా మాట కలవదు గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం ఒక్కటయ్యారు.

అన్ని అడ్డులూ తొలగి, పాపతో నారాయణఖేడ్ వచ్చి, కాలితో తొక్కే తన కుట్టుమిషన్ ముందు కూర్చునేసరికి రమ్యకు సమయమే లేకుండా పోయింది.

ఆ మిషన్ ఆమె తండ్రి చంద్రప్ప కొనిచ్చింది. ఇంట్లో మొట్టమొదట డిగ్రీ పాసైన మనిషికి ఏం కొనివ్వాలో ఆయనకు తెలియలేదు. బిడ్డ దేన్ని చూస్తే నవ్వుతుందో అదే కొన్నాడు. హాస్టల్లో స్నేహితురాళ్ల దగ్గర అల్లిక నేర్చుకున్న రమ్య, ఇంటికి వచ్చి మిషన్ మీద కుట్టు నేర్చుకుంది. డబ్బులకు కుట్టదు. ఇది వాడలో ఎవరికీ అర్థం కాదు. జాకెట్‌కు ఎంత తీసుకుంటవని అడుగుతారు. తీసుకోనంటే, మరి ఊరికే కళ్లు పోగొట్టుకోవడం ఎందుకని జాలిపడతారు. జాలి చూస్తే రమ్యకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడామె రోజంతా ఒక్క గంట కోసం ఎదురుచూస్తుంది. మధ్యాహ్నం పాప పడుకునే గంట. పడుకోగానే మిషన్ దగ్గరికి పరుగు. జోరుగా తొక్కితే ఆ చప్పుడుకు పాప లేస్తుంది. చప్పుడు లేని పని కదా అని అల్లిక తీస్తే ఉన్ని ఉండ దొర్లిపోయి అత్త కాళ్లకు చుట్టుకుంటుంది. పోనీ బొంత కుడదామని పాత చీరలు పరిస్తే గది మొత్తం బొంతే అవుతుంది, ఎవరు ఎక్కడ కాలుపెట్టినా సూది భయం. చలి వచ్చేసింది. పాపకు కప్పాల్సిన బొంత ఒక మూల మాత్రమే కుట్టుపడి, మూటలో ముడుచుకుని ఉంది.

ఒకరోజు పాపను చంకనేసుకుని, ఇంకో చేత్తో కత్తెర పట్టుకుని, జాకెట్ చెయ్యి కత్తిరించబోయి వీపు కత్తిరించేసింది. అది చూసుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన దుర్గేశ్ అది చూశాడు. మనసులో ఒక నిర్ణయానికి వచ్చాడు.

దుర్గేశ్ మంచివాడే. కానీ ఎవరినీ అడగకుండా అందరికీ మంచి చేయాలనుకునే రకం.

నాలుగు రోజుల తర్వాత అన్నం తింటూ, కల్హేర్‌లో ఉన్న అక్క సంతోషికి కుట్టుమిషన్ కావాలంటోందని చెప్పాడు. పాప నడిచేదాకా మన మిషన్ అక్కడ ఉంచుదామన్నాడు. ఆదివారం ఆటో మాట్లాడానని కూడా చెప్పాడు.

రమ్య చేతిలో ముద్ద అలాగే ఆగింది. కాదంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆడబిడ్డ ఒక్క వస్తువు అడిగితే ఇవ్వలేదన్న మాట పాప పెళ్లినాటికి కూడా ఈ ఇంట్లో బతికే ఉంటుంది. సరే అంది. అని, వంటింట్లోకి పోయి గిన్నెలు ముందు వేసుకుంది.

"ఎందుకు గంత సప్పుడు? పాప లేస్తది" అన్నాడు దుర్గేశ్.

"సప్పుడు లేకుండ తోముడు నాకు రాదు, కండక్టర్ సార్. మీ అక్కనడుగు, ఆమెకొస్తదేమో."

ఆ మాటలో ఉన్న మంట దుర్గేశ్‌కు తగల్లేదు. ఆదివారం తర్వాత అంతా సర్దుకుంటుందని అతనికి గట్టి నమ్మకం.

ఆదివారం సంతోషి వచ్చింది. పాపకు వెండి మొలతాడు తెచ్చింది. వెంట ఆసిమ్ ఆటో. దుర్గేశ్ మిషన్‌ను ఒక్కడే ఎత్తి గుమ్మందాకా మోశాడు. అక్కడ దాని ఇనుప కాళ్లు గడపకు తట్టుకున్నాయి. ముందుకు పోదు, వెనక్కి రాదు. దుర్గేశ్ బయట ఉండిపోయాడు. ఆడవాళ్లు లోపల ఉండిపోయారు.

సంతోషి తీరిగ్గా మంచం మీద కూర్చుని పాపను ఒళ్లోకి తీసుకుంది.

"నువ్వేం ఫికర్ జేయకు రమ్యా. కందుల సంచుల పక్కన జాగ జేసిన. ఎలుకలు ముట్టకుంట పాత చీర కప్పి పెడత."

"కప్పి పెడితే ఎట్ల కుడతవ్ వదినా?"

"నేనా? నాకు సూదిల దారం ఎక్కిచ్చుడే రాదు. జాకెట్‌కు హుక్కులు ఊడితే పిన్నీసులు పెట్టుకుంట, గిదిగో చూడు. నీకు బరువైందంట గద. కండ్ల ముందట ఉంటే నీ పానం ఊకుంటలేదంట. జర తీస్కపో అక్కా అని మీ ఆయననే ఫోన్ల మీద ఫోన్లు జేసిండు. మా ఇంట్ల మనుషులకే జాగ లేదు, అయినా పాపం బాలింత పిల్ల అని ఒప్పుకున్న."

రమ్య వచ్చి మంచం అంచున కూర్చుంది.

"నాకు బరువైందని నేనెప్పుడన్న వదినా? నీకు గావాల్నంట గద."

"నాకు గావాల్నని నేనెప్పుడన్న?"

ఇద్దరూ గుమ్మం వైపు తిరిగారు. మూలన కూర్చుని కందులు చెరుగుతున్న సంగమ్మ చేట కూడా ఆగింది.

గుమ్మంలో మిషన్, మిషన్ వెనక దుర్గేశ్, దుర్గేశ్ వెనక ఆసిమ్. "అన్నా, ఎక్కియ్యాల్నా, దించాల్నా, ఏదో ఒకటి చెప్పు" అన్నాడు ఆసిమ్. "కల్హేర్ గిరాకీ నిలవడ్డరు."

దుర్గేశ్ అతన్ని ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు. లోపలికి రావడానికి దారి లేదు. పారిపోవడానికి ఉంది గానీ, భార్య చూపు అతన్ని కదలనివ్వలేదు. రమ్య లేచి వచ్చి మిషన్‌కు ఇటువైపు నిలబడింది.

"ఇద్దరికి రెండు అబద్ధాలు చెప్పినవ్. ఎందుకు?"

"నువ్వు పరేషాన్ అయితున్నవని."

"అబద్ధం నంబర్ మూడు."

దుర్గేశ్ తల గోక్కున్నాడు. వెనక్కి చూశాడు. ఆసిమ్ మర్యాదగా ఆకాశం వైపు చూస్తున్నాడు.

"పాప పండుకుంటే ఇంట్ల గంటసేపు సప్పుడుండది" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "గా గంటల నాతోని మాట్లాడుతవేమో అని డిపో నుంచి ఉరికొస్త. బస్సుల ఎవరు కొట్లాడిన్రు, ఎవరు ఏమన్నరు, అన్ని నీకు చెప్పాల్నని దాచుకొస్త. వచ్చేసరికి నువ్వు దీని మీద వంగి ఉంటవ్. నా ముచ్చటంత నీ ఈపుకే చెప్పుకుంట."

"అందుకని నా మిషన్‌ని ఎల్లగొడతవా?"

"ఎల్లగొడితే నా దిక్కు తిరుగుతవనుకున్న."

లోపల సంతోషి నవ్వు ఆపుకోలేక పాప మెడలో మొహం దాచుకుంది. రమ్యకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ రానివ్వకుండా మిషన్ చక్రం మీద చెయ్యి వేసింది.

"నా మాట ఇను. పొద్దు పొడిచిన సంది పాలు, గుడ్డలు, ఉడుకు నీళ్లు. వాడల అందరు నన్ను పాప తల్లీ అని పిలుస్తున్నరు, నా పేరు నేనే మర్సిపోతున్న. సూది పట్టుకున్న గంటనే నాకు నేను యాదికొస్త. పని ఎక్కువై ఏడ్సిన అనుకున్నవ్ గద? కాదు. నాకిష్టమైనదాన్ని కూడ మంచిగ జేయనిస్తలేరని ఏడ్సిన. మిషన్ పోతే నీ దిక్కు తిరుగుతననుకున్నవా? గోడ దిక్కు తిరిగి పండుకుంట."

దుర్గేశ్ చక్రం మీది ఆమె చేతిని చూశాడు.

"మరి నేనేం జేయాలె?"

"నా ఈపు ఎనక ఎందుకు నిలవడతవ్? ఎదురుంగొచ్చి కూసో. నేను పని జేస్కుంటనే నీ ముచ్చట ఇంట."

"ఉత్తగనే కూసోవాల్నా?"

"ఉత్తగ ఎందుకు, నీకు రెండు చేతులున్నయి గద."

"అన్నా" అన్నాడు ఆసిమ్ ఆకాశం నుంచి దిగి, "ఇంటి దిక్కు నూకితే మిషన్ ఎల్తది. ఈ దిక్కు గడప అడ్డమొస్తది." ఇద్దరూ కలిసి మిషన్‌ను లోపలికే నెట్టారు. మొండికేసిన ఇనుప కాళ్లు ఒక్కసారికి గడప దాటాయి.

ఇంత ముచ్చటకు కల్హేర్ నుంచి పిలిపిస్తావా అని సంతోషి తమ్ముణ్ని తిట్టిపోసింది. వెళ్లేముందు రమ్య ఆమెను కూర్చోబెట్టి, జాకెట్ పిన్నీసులన్నీ పీకేసి హుక్కులు కుట్టి పంపించింది. ఆటో ఎక్కేటప్పుడు సంతోషి భుజాలు విరుచుకుని మరీ కూర్చుంది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం పాప పడుకుంది. రమ్య మూట విప్పి బొంత పరిచింది. అత్త పాత నేత చీరలు పైన, తల్లి పంపిన మెత్తని చీరలు కింద. ఒక అంచు దగ్గర తను కూర్చుంది. ఎదుటి అంచు దగ్గర దుర్గేశ్‌ను కూర్చోబెట్టి, దబ్బనంలో దారం ఎక్కించి ఇచ్చింది.

"మొగోడు బొంత కుట్టుడేందిరా" అంది సంగమ్మ. "ఎవలన్న చూస్తే నవ్వుతరు."

"తలుపు దగ్గరకెయ్యవ్వా. చూడరు" అన్నాడు దుర్గేశ్.

సంగమ్మ తలుపు వేయలేదు. నవ్వుతూనే మంచం మీదికి చేరింది.

దుర్గేశ్ కుట్లు భయంకరంగా ఉన్నాయి. ఒకటి బెత్తెడు పొడుగు, పక్కది చీమంత. వరుస నేరుగా పోవాల్సింది పోయి, బస్సు గుంతలు తప్పించుకుంటూ పోయినట్టు పోయింది. రెండుసార్లు తన లుంగీని బొంతతో కలిపి కుట్టుకున్నాడు. రమ్య ప్రతి వరుసకూ నిట్టూర్చింది. ఇది ఊడదీయాలె, ఇది కూడ ఊడదీయాలె అని గొణిగింది. ఊడదీయలేదు. అతను వేలికి గుచ్చుకున్నప్పుడల్లా నోట్లో పెట్టుకుని, చూసిందేమో అని దొంగచూపు చూశాడు. చూసింది. చూడనట్టు దారం తెంపింది.

ఒక్కో వరుస కుట్టి ఇద్దరూ చెరో వైపు నుంచి ముందుకు జరిగారు. మధ్యలో కుట్టని భాగం తగ్గుతూ వచ్చింది. మోకాలికి మోకాలు తగిలే దూరానికి వచ్చేసరికి పాప లేచి ఏడ్చింది.

ఇద్దరూ అలవాటుగా సూదులు కింద పెట్టేశారు.

"కూసోండ్రి." సంగమ్మ మంచం మీద నుంచి లేచింది. పాపను ఎత్తుకుని భుజాన వేసుకుంది. మసక కళ్లను చిన్నవి చేసి బొంత వంక చూసింది. కొడుకు వరుసలు ఆ కళ్లకు కూడా వంకరగానే కనిపించినట్టున్నాయి. "మా ఆయన, నేను, ఇంట్ల గిట్ల ఒక్కనాడు కూసోలే. మీ ముచ్చట మీరు కానియ్యండ్రి. పోరిని నేను జూస్త."

పాపను ఆడిస్తూ బయటికి వెళ్లి, పోతూ పోతూ తలుపు దగ్గరకు లాగింది.

ఇల్లు నిశ్శబ్దంగా అయిపోయింది. ఇన్నాళ్లు ఆ నిశ్శబ్దం కోసమే కొట్లాడుకున్న ఇద్దరికీ ఇప్పుడు దాన్ని ఏం చేయాలో తోచలేదు. దుర్గేశ్ గొంతు సవరించుకున్నాడు. నిన్న మనూర్ బస్సులో ఒక ముసలామె మేకపిల్లను చీరకొంగులో దాచి ఎక్కిందని, అది సరిగ్గా చెకింగ్ సార్ ముందు అరిచిందని మొదలుపెట్టి, మధ్యలో ఆగాడు. అలవాటు కొద్దీ కథ ఆమె వీపుకు చెబుతున్నట్టే, కిందికి చూస్తూ చెబుతున్నాడు.

రమ్య సూదిని బొంతలో గుచ్చి వదిలేసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తలెత్తి అతని మొహంలోకి చూసింది.

"ఊఁ, చెప్పు" అంది.