ముట్టుకోకూడని తాడు

పళ్ళ డాక్టరు పడవలో కాలు పెట్టీ పెట్టగానే రెండుసార్లు చీవాట్లు తిన్నాడు.

మొదటిసారి బూట్ల వల్ల. నడిసముద్రంలో రాత్రంతా ఉండి చేపలు పట్టే ప్రయాణానికి అతను క్లినిక్‌కి వేసుకెళ్ళే నల్లబూట్లు వేసుకుని, చక్రాల సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చాడు. అప్పుడే కడిగిన తెల్లటి డెక్కు మీద బూట్లు నల్లచారలు గీశాయి. బ్రష్షు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్న అమ్మాయి ముందు ఆ చారల్ని చూసింది, తర్వాత బూట్లని, ఆఖర్న అతన్ని.

"ఇది డెక్కండీ, రిసెప్షన్ హాలు కాదు. విప్పి ఆ డబ్బాలో పడెయ్యండి."

"సాక్సు ఉంచుకోవచ్చా?"

"జారిపడాలని సరదాగా ఉంటే ఉంచుకోండి."

అతను సాక్సు కూడా విప్పేశాడు. వెనకే ఫిషింగ్ రాడ్లు భుజాన వేసుకుని దిగిన మామయ్య పరిచయం చేశాడు. "వీడు మా అక్క కొడుకమ్మా. పళ్ళు పీకుతుంటాడు. నాతో రావాల్సిన బ్యాంకు మేనేజరు ఆఖరి నిమిషంలో ఎగ్గొడితే వీణ్ణి పట్టుకొచ్చాను."

"ఇక్కడ చేపల పళ్ళు పీకుతారా?" అని అడిగి, ఆ అమ్మాయి మళ్ళీ చారలు తోమడంలో పడింది.

రెండోసారి తాడు వల్ల. వచ్చీ రాగానే పోయిన పరువు కాస్తయినా దక్కించుకుందామని, పడవని జెట్టీకి కట్టిన తాడు విప్పబోయాడు. పైన స్టీరింగ్ దగ్గర నుంచి ఒక పెద్దాయన గొంతు వినబడింది.

"బాబూ, చెయ్యి తియ్యి."

ఆయన ఆ పడవ నడిపే సరంగు, ఆ అమ్మాయి తండ్రి. రేవులో అందరూ ఆమెని చిట్టి సరంగు అంటారు, ఆయన ఒట్టి చిట్టి అంటాడు.

"ఏ పనైనా చెయ్యి, ఆ తాడు మాత్రం ముట్టుకోకు. మా నాన్న నాటి పద్ధతి. ఈ పడవ కట్టినా విప్పినా ఇంటివాళ్ళ చెయ్యే పడాలి."

చిట్టి వచ్చి, ఒక్క గుంజుతో ముడి విప్పి, తాడు చుట్టగా చుట్టి పక్కన పెట్టింది. పళ్ళ డాక్టరు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఇక ఈ పడవలో అవి అక్కడ ఉండటమే క్షేమమని అతనికి అర్థమైంది.

ఒడ్డు చిన్నదయ్యేకొద్దీ మామయ్య పెద్దవాడయ్యాడు. ఇంట్లో రెండు మాటలు మాట్లాడని మనిషి, రాడ్లు తుడుచుకుంటూ ఉపన్యాసం మొదలుపెట్టాడు. "ఒరేయ్, చేప తగిలాక రాడ్ ఎవడు ఎత్తాడో వాడే చివరిదాకా లాగాలి. ఇంకొకళ్ళ చెయ్యి రాడ్ మీద గానీ రీలు మీద గానీ దారం మీద గానీ పడిందా, ఆ చేప లెక్కలోకి రాదు. గాలానికి దగ్గరగా కట్టిన లావుపాటి దారం పడవవాళ్ళ చేతికి అందితే పట్టినట్టే. తర్వాత వదిలెయ్యాలి."

"వదిలెయ్యడానికి ఇంత దూరం వచ్చి పట్టుకోవడమా? సరే, రూలు తప్పితే ఎవరు చూడొచ్చారు మామయ్యా, సముద్రం మధ్యలో?"

"నేను చూస్తాను కదరా."

చూస్తాడు. ఆయన ఫిషింగ్ క్లబ్బులో రూళ్ళు చూసే మనిషి. పోయినేడు సొంత భార్య పట్టిన చేపనే లెక్కలోంచి కొట్టేశాడు. అత్తయ్య అప్పటినుంచీ చేపలు పట్టడం మానేసింది, కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడటం కూడా.

ఇంతలో పైనుంచి చిట్టి, "ఇంకా ఎడమకి, నాన్నా. నీ పాత చోటుకి కాదు" అనడం వినిపించింది. అలలు పెద్దవవుతున్నాయి. పళ్ళ డాక్టరు రెండు చేతులతో రెయిలింగు పట్టుకున్నాడు. ఆ కంగారులో నోరు జారాడు. "ఎక్కడికెళ్ళాలో ఆ అమ్మాయి చెప్పడమేంటి మామయ్యా? ఆవిడకి దారి తెలుసా అసలు?"

మామయ్య తుడుస్తున్న రాడ్ పక్కన పెట్టాడు. అతని భుజం మీదుగా వెనక్కి చూస్తూ ఉండిపోయాడు. పళ్ళ డాక్టరు నెమ్మదిగా తల తిప్పాడు. ఎర బకెట్టుతో చిట్టి నిలబడి ఉంది.

"తెలియదనిపిస్తే దిగిపోండి. ఒడ్డు ఇంకా కనబడుతోంది, ఈదుకుంటూ వెళ్ళొచ్చు" అంది. మామూలుగానే అంది గానీ, బకెట్టు కింద పెట్టడంలో మాత్రం చప్పుడు ఎక్కువైంది.

సాయంత్రానికి వాన పట్టుకుంది. ఒక్క చేపా తగల్లేదు. మామయ్య కేబిన్‌లో గురక పెడుతున్నాడు. పళ్ళ డాక్టరు పడవ వెనక రెయిలింగు పట్టుకుని, మధ్యాహ్నం తిన్నదంతా సముద్రానికి అప్పగించేసి, ఇక ఇవ్వడానికి ఏమీ లేక దిగాలుగా నిలబడ్డాడు. చిట్టి రెయిన్‌కోటు వేసుకుని వచ్చి అతని చేతిలో ఒక నిమ్మకాయ పెట్టింది.

"గోటితో గీరి వాసన చూడండి. అలల్ని చూడకండి, ఆ చివర గీతలా ఉంది చూశారా, అక్కడ చూడండి."

అతను చూశాడు. కాసేపటికి కడుపు కుదుటపడింది. కళ్ళు మాత్రం ఆ గీత మీద నిలబడనని మొరాయించి, రెయిన్‌కోటు టోపీ అంచు నుంచి ఆమె ముక్కు మీదకి జారుతున్న వానచుక్క దగ్గర ఆగాయి. తుడుచుకుంటే బాగుండునని ఒకసారి, తుడుచుకోకుండా ఉంటే బాగుండునని ఇంకోసారి అనుకున్నాడు.

"పొద్దున నేనన్నది మీ గురించి కాదండీ. భయంతో అన్నాను. నాకు ఈత రాదు."

ఆమె ఒక్క క్షణం చూసి ఫక్కున నవ్వింది. "ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా. ఈదుకుంటూ వెళ్ళమన్నానని రోజంతా నేనే ఫీలయ్యాను."

నవ్వడం అయ్యాక తనే చెప్పింది. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, స్టీరింగ్ దగ్గర నిలబడలేకపోతున్నాడు. కూతురు పడవ నడపగలదు, అది ఆయనకీ తెలుసు. కానీ చేప ఎక్కడుందో చెప్పలేనివాళ్ళు సరంగు కాలేరని ఆయన పట్టుదల. పడవని టీ, బిస్కట్లు ఇచ్చి షికారు తిప్పే కంపెనీకి అమ్మేస్తానంటున్నాడు. బతిమాలితే ఈ ఒక్క ప్రయాణం ఇచ్చాడు. ఆమె చూపించిన చోట, రూలు ప్రకారం, ఒక్క పెద్ద చేప పడాలి. పడితే పడవ ఆమెది, పడకపోతే కంపెనీది.

"రేపు పొద్దెక్కేదాకానే టైమిచ్చాడు. తర్వాత తన పాత చోటుకి తిప్పేస్తాడు."

"చేప ఇక్కడే ఉందని మీకెలా తెలుసు?"

"ఇక్కడ రెండు నీళ్ళు కలుస్తాయి. కాస్త ఆకుపచ్చగా ఒకటి, నల్లగా ఒకటి. ఆ కలిసే చోట చిన్నచేపలు మూగుతాయి. వాటి కోసం పెద్దవి వస్తాయి." నల్లటి నీళ్ళకేసి చూసి, "రావాలి" అంది.

ఆ చివరి మాటకి పళ్ళ డాక్టరు గుండె అడ్డం తిరిగింది. అంతవరకూ అతనికి ఎప్పుడెప్పుడు ఒడ్డు చేరతానా అని ఉండేది. ఇప్పుడు చేప ఎప్పుడొస్తుందా అని పట్టుకుంది.

"షికారు పడవైతే బూట్లు వేసుకోనిస్తారా?" అని అడిగాడు, ఆమెని నవ్విద్దామని.

"వేసుకోనిస్తారు. అందుకే అమ్మకూడదంటున్నాను."

తెల్లారేసరికి వాన వెలిసింది. సరంగు పడవని నెమ్మదిగా నడుపుతూ మాటిమాటికీ తూర్పుకేసి చూస్తున్నాడు. మామయ్య బాత్రూంలోకి వెళుతూ, "నా రాడ్ చూస్తుండరా" అన్నాడు. చూస్తుండమన్నాడు, అంతే. కానీ తలుపు పడీ పడగానే రీలు ఒక్కసారిగా గిర్రున తిరిగింది. రాడ్ విల్లులా వంగింది.

"మామయ్యా!" అని కేకపెట్టి, ఆయనకి అందిద్దామని, పళ్ళ డాక్టరు రాడ్ పైకెత్తేశాడు.

చేప తగిలాక రాడ్ ఎత్తినవాడే చివరిదాకా లాగాలి. ఆ సంగతి అతనికి మామయ్య మొహం చూశాక గుర్తొచ్చింది. ఒంటికి తువ్వాలు చుట్టుకుని, నోట్లో బ్రష్షుతో పరిగెత్తుకొచ్చిన మామయ్య, చాచిన చేతులు చాచినట్టే గాలిలో ఆపేశాడు. తన రూలు తనకే అడ్డం నిలబడింది.

"ఎత్తేశావా?" అన్నాడు నురగ మింగుతూ.

"ఎత్తేశాను మామయ్యా."

"అయితే నీదే. చచ్చినట్టు లాగు."

అంత దూరాన నీళ్ళు పగిలి చేప పైకెగిరింది. ముందుకి పొడుచుకొచ్చిన కొమ్ము, నీలం వీపు, మనిషికన్నా పొడుగు. చిట్టి మొహంలో రంగు పోయింది. ఆమె చూపించిన చోట ఆమె చేప వచ్చింది. వచ్చి, బజారు సంచీ కన్నా బరువైనది మొయ్యని పళ్ళ డాక్టరు చేతికి చిక్కింది.

ఆమె వచ్చి అతని నడుముకి రాడ్ ఆనించుకునే బెల్టు కట్టింది. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, తన రెండు చేతుల్నీ వీపు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. లేకపోతే అవి తమంతట తామే రాడ్ మీదకి వెళ్ళిపోయేలా ఉన్నాయి.

"అది లాగుతుంటే లాగనివ్వండి. ఆగినప్పుడు మీరు లాగండి. చేతులతో కాదు, నడుంతో."

"ఆగడం లేదే."

"ఆగుతుంది. నిన్న సాయంత్రం మీ వాంతులు ఆగలేదూ?"

అతనికి నవ్వొచ్చింది, నవ్వితే చెయ్యి సడలింది, సడలితే తిట్టు పడింది. అలా ఎంతసేపు జరిగిందో అతనికి తెలియదు. ఎండ ఎక్కింది. చేతులు తిమ్మిరెక్కాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. పైన సరంగు చేప ఎటు పోతే అటు పడవ వెనక భాగాన్ని తిప్పుతున్నాడు.

"నా వల్ల కాదండీ" అన్నాడు పళ్ళ డాక్టరు ఒకసారి. నిజంగానే అన్నాడు.

"వదిలేస్తానంటే వదిలెయ్యండి, నేనేమీ అనుకోను" అంది చిట్టి. ఆ గొంతులో వణుకు విన్నాక వదలడం అతని వల్ల కాలేదు.

చేప దగ్గరకొచ్చింది. పడవని చూసి, ఆఖరిసారిగా ఒక్క ఊపున కిందికి దిగింది. తడి డెక్కు మీద అతని పాదాలు జారాయి. రాడ్ వదిలితే నిలదొక్కుకోవచ్చు, కానీ అతను వదల్లేదు. రాడ్‌తో సహా రెయిలింగు మీదకి ఒరిగిపోయాడు. ఈత రానివాడు.

చిట్టి చేతులు వీపు వెనక నుంచి విడిపడ్డాయి. రాడ్ ఆమెకి జానెడు దూరంలో ఉంది. ఆమె రాడ్ జోలికి పోలేదు. వెనక నుంచి అతని నడుం చుట్టూ రెండు చేతులూ వేసి, కాలు రెయిలింగుకి తన్నిపెట్టి, బిగించి పట్టుకుంది.

"లాగండి. నేనున్నాను" అంది చెవి దగ్గర.

అతను లాగాడు. చెవి దగ్గర అలాంటి మాట వినబడితే ఎవరైనా లాగుతారు.

లావుపాటి దారం నీళ్ళలోంచి పైకి రాగానే ఆమె ఒక చేత్తో అతన్ని వదలకుండానే రెండో చేత్తో దాన్ని అందుకుంది. చేప పడవ పక్కన అలసిపోయి తేలింది. గాలం దవడ మూలన దిగి ఉంది. పళ్ళ డాక్టరు రాడ్ కింద పెట్టి, బోర్లా పడుకుని, చెయ్యి నీళ్ళలోకి చాచాడు. వణుకుతున్న చేతులు నోరు చూడగానే నిలకడగా అయిపోయాయి.

"కొంచెం నోరు తెరవండి. ఏం నొప్పుండదు. అయిపోయింది, అయిపోయింది" అన్నాడు అలవాటుగా, మహా మర్యాదగా. గాలం ఊడొచ్చింది. చేప ఒకసారి తోక ఆడించి నల్లటి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. చిట్టి డెక్కు మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది కూడా.

సరంగు ఇంజను ఆపి, మోకాలు పట్టుకుంటూ మెట్లు దిగొచ్చాడు. కూతురి వంక చూడకుండా మామయ్యని అడిగాడు. "రూళ్ళు చూసేది మీరు. మా అమ్మాయి చెయ్యి వేసింది. లెక్కలోకి వస్తుందా, రాదా?"

మామయ్య తువ్వాలు సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"రాడ్ ముట్టుకోలేదు. రీలు ముట్టుకోలేదు. దారం అందుకోవాల్సినప్పుడే అందుకుంది. ఇక మా మేనల్లుణ్ణి ముట్టుకోకూడదని రూల్లో ఎక్కడా లేదు." చిట్టి వంక చూశాడు. "ముట్టుకున్నాక ఏం చెయ్యాలో కూడా లేదనుకోండి. అది మీ ఇష్టం, మా అక్కయ్య ఇష్టం."

చిట్టి చెవులు ఎర్రబడ్డాయి. సరంగు చాలాసేపు రెండు నీళ్ళు కలిసే ఆ చోటు వంకే చూశాడు. "ఇన్నేళ్ళూ దీని పక్కనుంచే పోయాను" అని తనలో తను అనుకున్నట్టు అని, ఎర డబ్బా మీద కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు.

"ఇంటికి పోదాం పద, సరంగూ."

చిట్టి అని అనలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని మెట్లెక్కి స్టీరింగ్ పట్టుకుంది.

దారి పొడుగునా పళ్ళ డాక్టరు నిమ్మకాయ వాసన చూస్తూ ధైర్యం కూడగట్టుకున్నాడు. రేవు కనబడ్డాక, ఇక ఆలస్యం చేస్తే బూట్లు వేసుకుని దిగిపోవడమే మిగులుతుందని, పైకి వెళ్ళాడు.

"మీతో ఒక మాట చెప్పాలి."

"వినబడటం లేదు. ఇంజను సౌండ్."

"ఒక మాట చెప్పాలంటున్నాను."

"గట్టిగా చెప్పండి."

అతను ఊపిరంతా పీల్చుకుని అరిచాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం. సముద్రం అస్సలు పడదు. అయినా ప్రతి వారం వస్తాను."

సగం మాటలోనే ఇంజను ఆగిపోయింది. మిగతా సగం రేవంతా వినబడింది. జెట్టీ మీద వలలు ఆరేస్తున్నవాళ్ళు పని ఆపి చూశారు. కింద మామయ్య రాడ్లు సర్దడం ఆపాడు. పళ్ళ డాక్టరుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇప్పుడే ఆగాలా ఈ ఇంజను" అన్నాడు నీరసంగా.

"ఆగలేదు. నేనే ఆపాను" అంది ఆమె, జెట్టీ వైపు స్టీరింగ్ తిప్పుతూ. "ప్రతి వారం అన్నారు. నలుగురూ విన్నారు. నాకూ ఇష్టమే. ఇక మాట తప్పడానికి లేదు."

పడవ అలల మీద జారుకుంటూ వచ్చి జెట్టీకి ఆనింది. సరంగు లేచి, చుట్టగా ఉన్న తాడు చేతిలోకి తీసుకున్నాడు. కూతురి వంక ఒకసారి, ఆమె పక్కన చేతులు జేబుల్లో దాచుకుని నిలబడ్డ కుర్రాడి వంక ఒకసారి చూశాడు.

"ఏం బాబూ, అలా నిలబడ్డావు? దా, పట్టుకో" అని తాడు కొస అతని వైపు విసిరాడు.