మ్యాట్ల దగ్గర తెగిన బేరం

పొద్దున్నే గడ్డం గీసుకుంటుండగా కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీసిన భార్య "రండి వదినా" అనడం వినబడగానే రాయుడి చెంప మీద రేజరు చిన్న గాటు పెట్టింది. నాలుగు రోజులుగా అక్క ఫోను వస్తేనే గుండెల్లో రాయి పడుతోంది. ఇప్పుడు ఏకంగా అక్కే వచ్చింది.

రాయుడు అన్నది అసలు పేరు కాదు. బేరాల రాయుడని బావ పెట్టిన పేరు అలా నిలిచిపోయింది. పెద్ద బట్టల షాపుకి సరుకు కొనే ఉద్యోగం అతనిది. చుట్టాల్లో ఎవరు ఫ్రిజ్ కొన్నా, మంచం కొన్నా అతను పక్కన ఉండాల్సిందే. అతని దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. బేరం కొసకొచ్చాక "అయితే వద్దులెండి" అని లేచి తలుపు వైపు నడుస్తాడు. ఏడడుగులు వేసేలోపు తనను వెనక్కి పిలవని వ్యాపారి ఇంకా పుట్టలేదని అతని నమ్మకం.

అందుకే కారు కొనే పని అక్క అతని చేతిలో పెట్టింది. బావ ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. వారానికి మూడుసార్లు వ్యాయామానికి వెళ్ళకపోతే కీళ్ళు బిగుసుకుపోతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. వాళ్ళ పాత కారు మరీ కిందికి ఉంటుంది. ఒకసారి అందులోంచి లేవలేక, వీధంతా చూస్తుండగా అరగంట ఇరుక్కుపోయాడు. ఆ రోజు నుంచి గడప దాటనని భీష్మించుకున్నాడు. కొత్తగా వచ్చిన క్రాసోవర్ రకం కారు అయితే సీటు ఎత్తుగా ఉంటుంది, వంగకుండా కూర్చోవచ్చు. అక్క ఇంట్లో ఆయన కూర్చునే కుర్చీ ఎత్తు టేపుతో కొలిచి, షోరూంలో సీటు ఎత్తూ కొలిచి, రెండూ సరిపోయాకే ఆ బండి ఎంచుకుంది.

చిక్కల్లా బండ్లు దొరక్కపోవడమే. ఫ్యాక్టరీ నుంచి రాక తగ్గిపోయి, షోరూంలో ఒక్కటంటే ఒక్కటి మిగిలింది. దానికి అసలు ధర కాక సీటు కవర్లనీ, రంగు మీద పూతనీ, అదనపు వారంటీ అనీ చాంతాడంత జాబితా తగిలించారు.

"నువ్వు రాకక్కా. నీ అవసరం నీ మొహంలోనే కనిపిస్తుంది, రేటు పెంచేస్తారు" అని రాయుడు ఒక్కడే వెళ్ళాడు. నిజం చెప్పుకోవాలంటే బాగానే బేరమాడాడు. రెండు గంటలు కదలకుండా కూర్చుని ఆ జాబితా మొత్తం కొట్టేయించాడు. సేల్స్ అమ్మాయి మేనేజరు గదికి నాలుగుసార్లు తిరిగి, చివరికి కంపెనీ ధరకే ఇస్తామంది. అది న్యాయమైన ధర అని అతనికీ తెలుసు. కానీ అలవాటు ఊరుకుంటుందా? "కాళ్ళ కింద మ్యాట్లు ఊరికే వేయించండి" అన్నాడు. కుదరదంది. "అయితే వద్దులెండి" అని లేచాడు.

ఏడడుగులూ అయ్యాయి. ఎవరూ పిలవలేదు. తలుపు దగ్గర వంగి, ఊడని బూటు లేసు మళ్ళీ కట్టుకున్నాడు. అప్పుడూ పిలవలేదు. బయట పది నిమిషాలు నిలబడి, సిగ్గు విడిచి లోపలికి వెళ్ళేసరికి వెనక సోఫాలో తమ వంతు కోసం కూర్చున్న భార్యాభర్తలు అదే బండికి సంతకాలు పెడుతున్నారు.

అక్కకి ఏం చెప్పాలో తోచక, "దాని గేర్లలో ఏదో తేడా ఉందక్కా, నేనే వద్దన్నాను" అనేశాడు. "పోనీలేరా, నువ్వున్నావు కాబట్టి బతికిపోయాం" అంది అక్క. ఆ మాట అప్పటి నుంచీ అతన్ని ముల్లులా గుచ్చుతోంది.

మొహం తుడుచుకుని హాల్లోకి వచ్చాడు. అక్క కూర్చోలేదు. చేతిసంచి భుజం మీదే ఉంది.

"నిన్న షోరూంకి ఫోన్ చేశానురా" అంది.

"ఎందుకక్కా?"

"ఎందుకేంటి? పాడైన బండి ఇంకెవరికైనా అంటగడితే వాళ్ళ ప్రాణాల మీదికి రాదూ? మేనేజరుని పిలిపించి గట్టిగా దులిపేశాను. ఆయన నేను లైన్లో ఉండగానే ఆ సేల్స్ అమ్మాయిని చెడామడా తిట్టాడు. ఆ పిల్ల ఏడుస్తూ చెప్పింది. బండికి ఏ తేడా లేదట. నువ్వే మ్యాట్ల కోసం లేచి వెళ్ళిపోయావట."

రాయుడు తల దించుకున్నాడు. చెంప మీది గాటు చురుక్కుమంది.

"పిలుస్తారనుకున్నానక్కా..."

"పిలుస్తారనుకున్నావా! మ్యాట్లు లేకపోతే పాత దుప్పటి పరుచుకునేవాళ్ళం కదరా!"

"నీ డబ్బు మిగల్చాలనే కదక్కా..."

"నా డబ్బా, నీ పేరా?"

అక్క సంచి భుజం మీద సర్దుకుంది.

"మీ బావ రోజూ పొద్దున్నే ఏం చేసేవారో తెలుసా? ఎత్తు స్టూలు గోడ పక్కన వేసుకుని, దాని మీద కూర్చుని రెండు కాళ్ళూ పక్కకి తిప్పడం నేర్చుకునేవారు. కారెక్కడానికి. బండి రావట్లేదని చెప్పాక ఆ స్టూలు తీసుకెళ్ళి వంటింట్లో పడేశారు. ఇప్పుడు దాని మీద ఉల్లిపాయల బుట్ట ఉంది." కళ్ళు తుడుచుకుంది. "బండి పోతే పోయింది. ఆ పిల్ల ముందు నన్నెందుకురా అబద్ధాలకోరుని చేశావు?"

కాఫీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది.

"ఆ రోజే నిజం చెప్పమన్నాను. చివాట్లతో పోయేది" అంది భార్య. రాయుడు చొక్కా వేసుకున్నాడు.

షోరూంలో నేరుగా మేనేజరు గదికి వెళ్ళి, సేల్స్ అమ్మాయిని కూడా పిలిపించమన్నాడు. "తప్పు నాది. ఆ బండికి ఏ లోపమూ లేదు. ఈ అమ్మాయి నన్ను మోసం చెయ్యలేదు. మా అక్కకి నేనే అబద్ధం చెప్పాను" అన్నాడు. అమ్మాయి మొహం ఎత్తలేదు. తర్వాతి బండి రావడానికి తొమ్మిది వారాలు పడుతుందని, ధర మాత్రం ఆ రోజు చెప్పిందేనని చెప్పింది.

"మ్యాట్లు విడిగా కొనాలి సార్."

"అవీ రాసెయ్యమ్మా."

బుకింగ్ కాగితం మీద సంతకం పెడుతుంటే ఆమె నెమ్మదిగా అంది. "మ్యాట్లు ఇప్పిద్దామని మేనేజరు గారిని అడగడానికి నేను లేవబోతున్నాను సార్. ఈలోపు మీరే లేచి వెళ్ళిపోయారు."

రాయుడికి పెన్ను ముందుకి సాగలేదు.

తొమ్మిది వారాలు మోకాళ్ళు ఆగవు కదా. ఏం చెయ్యాలా అని తల పట్టుకుని షాపుకి వెళ్ళేసరికి, గుమ్మంలో బట్టల మూటలు దించుతున్న షాపు వ్యాను కనబడింది. జేబులో ఎప్పుడూ ఉండే టేపు తీసి డ్రైవరు పక్క సీటు ఎత్తు కొలిచాడు. అక్క చెప్పిన కొలతకి అంగుళం మాత్రమే ఎక్కువ. యజమాని కాళ్ళావేళ్ళా పడి, వారానికి మూడు పూటలు వ్యాను ఇచ్చేలా ఒప్పించాడు. బదులుగా ఏమడిగితే దానికి తలూపాడు. జన్మలో మొదటిసారి బేరమాడలేదు.

అక్క తలుపు తీసి, పలకరించకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ కిటికీ పక్కన ఎత్తు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రాయుడు ఎదురుగా నిలబడి ఏడడుగుల సంగతీ, మ్యాట్ల సంగతీ, అబద్ధం సంగతీ పూసగుచ్చినట్టు చెప్పాడు. బావ కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు.

"వ్యాను బయట ఉంది బావా. సీటు ఎత్తు కొలిచాను. మీకు ఇష్టమైతేనే."

బావ కిటికీ కమ్మీ పట్టుకుని బయటికే చూస్తున్నాడు. రాయుడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తలుపు వైపు తిరిగాడు. ఎవరో పిలుస్తారని కాదు, అక్కడ నిలబడే మొహం లేక.

రెండో అడుగులోనే పిలుపు వినబడింది.

"ఒరేయ్ రాయుడూ!"

వెనక్కి తిరిగాడు. బావ చేతికర్ర అందుకుంటున్నాడు. "ఆ వ్యానులో మ్యాట్లున్నాయా?"

రాయుడు నవ్వబోయి భోరుమన్నాడు. "లేవు బావా."

"సరే, సర్దుకుంటాంలే."

వంటింట్లోంచి బుట్ట దించిన చప్పుడైంది. అక్క స్టూలు తెచ్చి గోడ పక్కన వేసింది. "ముందోసారి కాళ్ళు తిప్పి చూడండి, మర్చిపోయి ఉంటారు" అంది, తమ్ముడి వైపు చూడకుండా. కానీ పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకోవడం అతను చూశాడు.

రాయుడు నేల మీద చతికిలబడి, స్టూలు కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. బావ మెల్లగా దాని మీద కూర్చుని, చేతి బరువంతా బావమరిది తల మీద ఆనించాడు.

"గట్టిగా పట్టుకో" అన్నాడు. "మధ్యలో లేచిపోకు."