సరంగు దగ్గు

సరంగు దగ్గు పోయిన రోజు మంగళవారం.

ఆ ఉదయం ఆరింటికి వకుళ ఎప్పటిలాగే నుదుటిపట్టీ కట్టుకుని ‘ఏడో రేవు’లోకి వెళ్ళింది. కాకినాడలో ఆ వేళకి ఇంటింటా అదే పని. పొద్దున్నే పేపరు చదివే అలవాటు పోయి ముప్పై ఏళ్ళయింది. జనం ముందు ఒక గంట ఏదో ఒక కథాటలో నడిచి, అందులోని మనుషులతో మాట్లాడి, దారులు ఎంచుకుని, తర్వాతే కాఫీ తాగుతారు.

‘ఏడో రేవు’ ఆమె భర్త కోదండపాణి రాసిన కథాట. వరదలో మునిగిన ఊరికి ఒక ఉత్తరం చేర్చాలి. అందుకు ఏడో రేవులో లాంచీ ఎక్కాలి. లాంచీ నడిపే సరంగుకి కోదండపాణి తన గొంతే ఇచ్చాడు. గొంతుతో పాటు దగ్గు, చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకోవడం, చెబుతున్న కథని సగంలో వదిలేయడం కూడా వెళ్ళాయి. చిన్నప్పుడు బడిగంట మాయమైన కథ అది. “అసలు గంట ఎవరు దాచారంటే...” అనేసరికి దగ్గు వచ్చేది. దగ్గు తగ్గాక ఇంజను సంగతి ఎత్తుకునేవాడు. ఇంట్లోనూ అంతే. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ గంట ఎవరు దాచారో వకుళకి తెలియలేదు.

అతను పోయి ఐదు నెలలు.

మంగళవారం సరంగు దగ్గలేదు. అతనికి కళ్ళద్దాలు లేవు. “ఎక్కండి, బయల్దేరదాం” అన్నాడు. గంట కథని నాలుగు వాక్యాల్లో ముగించాడు. గంట దాచింది హెడ్మాస్టరట. లాంచీ రెండు నిమిషాల్లో అవతలి ఒడ్డు చేరింది.

వకుళ పట్టీ తీసి కథాటల కార్యాలయానికి కబురు పెట్టింది. గుమాస్తా జోగారావు ఇడ్లీ తింటూనే గోడ మీద కనిపించాడు.

“సరంగుని ఎవరో పాడుచేశారండీ.”

“పాడుచేయలేదండి. దిద్దరి దిద్దిందండి.”

దిద్దరి అంటే ఆటగాళ్ళ అభిప్రాయాలు చదివి, వాటి ప్రకారం కథని తిరగరాసే యంత్రం. రచయిత బతికున్నంతకాలం అతని అనుమతి కావాలి. పోయాక అక్కర్లేదు.

“ఎంతమంది అడిగారు?”

“నూటికి నూరు శాతమండి.” జోగారావు చెయ్యి తుడుచుకుని మళ్ళీ చూశాడు. “అంటే ఒక్కరేనండి. మీరే. ఆదివారం రాశారు. చదవమంటారా?”

అతను చదివాడు.

“రెండు దారులు చూపించి రెండింటినీ ఒకే ఇంటికి చేర్చే మోసం ఇందులో లేదు. తాళంచెవి కోసం గంటసేపు సొరుగులు లాగించే చిక్కుముడులు లేవు. ఎంచుకున్నదానికి ఫలితం అనుభవించాలి, అది మెచ్చుకోదగినది. కానీ సరంగుకి మాటలు ఎక్కువ. ప్రయాణం సాగదు. మొదలుపెట్టిన కథ ముగించడు. ముగించని కథ ఎత్తుకోకూడదు. పదికి ఏడు.”

ఇవన్నీ ఒకప్పుడు కోదండపాణికి ఎదురుగా చెప్పిన మాటలే. ప్రతి కథాటా ముందు ఆమెకే ఇచ్చి, చేతులు కట్టుకుని నిలబడేవాడు.

“ఎన్నండీ మేడంగారూ?”

“ఏడు.”

“ఎనిమిదేస్తే మీ సొమ్మేం పోద్దండీ?”

“ఎనిమిదికి రాయండి, ఎనిమిది వేస్తాను.”

అతను నవ్వి, వెళ్ళి మళ్ళీ దిద్దుకునేవాడు. ఆదివారం ఆట ముగిశాక ‘మీ అభిప్రాయం’ అని అడిగితే, అతను చదువుతాడన్నట్టే రాసింది.

“పాతది తెప్పించండి” అంది వకుళ.

“తేలికేనండి. ఇంకెవరూ ఆడట్లేదు కాబట్టి మీ మాటే చెల్లుద్ది. పత్రం పంపాను, ఒక్క గడిలో టిక్కు పెట్టండి చాలు.”

గడి పక్కన ‘నా అభిప్రాయం నిజం కాదు’ అని ఉంది.

“నిజమేనండీ అది.”

“నిజమైతే మరి దిద్దింది సరైందే కదండీ.” జోగారావు గొంతు తగ్గించాడు. “అబద్ధమాడమనట్లేదు అమ్మగారూ, టిక్కు పెట్టమంటున్నాను. సాయంత్రం ఆరు దాకా టైముంది. ఆరింటికి ఈ దిద్దినదాన్ని కొత్త కథాటల్లో కలిపి అందరికీ తెరుస్తారు.”

వకుళ తను పాఠాలు చెప్పే బడికి వెళ్ళి పదో తరగతి పిల్లల వ్యాసాలు దిద్దింది. మధ్యాహ్నం పత్రం తెరిచి కూర్చుంది. సరంగుకి మాటలు ఎక్కువే. ప్రయాణం సాగని మాటా నిజమే. నిజం కాదని ఒప్పుకుంటే ఆదివారం రాసినదొక్కటే అబద్ధం కాదు, పద్దెనిమిదేళ్ళుగా వేసిన ప్రతి ఏడు మార్కులూ అబద్ధమవుతాయి. ఆ ఏడు మార్కులు అబద్ధమైతే, ఎనిమిదో మార్కు కోసం అతను అన్నేళ్ళు దిద్దుకున్నది దేనికి? అటెండరు గదులకి తాళాలు వేస్తానంటే లేచి ఇంటికి నడిచింది. ఆరూ పదికి గడి మీద వేలు పెట్టింది. టిక్కు పడలేదు. గోడ మీద జోగారావు కనిపించాడు.

“ఇప్పటికే మూడొందల పన్నెండుమంది ఆడారండి. సగటు తొమ్మిదిన్నర. సరంగు భలే ఉన్నాడంటున్నారు. ఇప్పుడు మీరొక్కరు కాదన్నా లాభం లేదండి.”

ఆమె పత్రం మూసేసింది.

“మీకు ప్రశంసాపత్రం కూడా వస్తాదండి, మీరు చెప్పబట్టే కదా ఇంత బాగుపడింది. కోదండపాణిగారుంటే ఎంత సంతోషించేవారో.”

బుధవారం ఉదయం ఆరింటికి వకుళ మళ్ళీ ఏడో రేవుకి వెళ్ళింది. రేవు నిండా జనం. సరంగు అందరినీ ఎక్కించుకుని, కథ చెప్పి, ముగించి, దింపాడు. బయటికి వస్తుంటే ‘మీ అభిప్రాయం’ అని అడిగింది కథాట. తను ఎత్తిచూపిన తప్పుల్లో ఒక్కటీ ఇప్పుడు అందులో లేదు. ఏడు వేయడానికి కారణం దొరకలేదు.

ఆమె ఇంకా మార్కులు వేయలేదు.