కేలీలో భారద్వాజ గోత్రం

"శనివారం కేలీ. వస్తావా?" అంది వేద, లాస్ కోలినాస్ ఆఫీస్ పార్కింగ్‌లో కారెక్కుతూ.

'శనివారం ఖాళీ, వస్తావా' అని వినబడింది ఫణికి. ఆర్నెల్లుగా ఆఫీసులో పక్క సీట్లో కూర్చుని ఓరచూపులు చూస్తున్నవాడికి చెవులు ఆమాత్రం సాయం చెయ్యవా?

"నేనూ ఖాళీయే!" అన్నాడు, ఆఫీసు అద్దాలు అదిరేలా.

శనివారం ఇస్త్రీ కుర్తా, చేతిలో గులాబీలు, ఒంటినిండా సెంటు. వేద పంపిన అడ్రస్‌లో తలుపు తోస్తే లోపల నలభైమంది! మూల ఎవరో ఫిడేలు సవరించుకుంటున్నారు.

"ఖాళీ అన్నావుగా?"

"కేలీ అన్నాను! ఐరిష్ గ్రూప్ డ్యాన్స్. కెల్టిక్ కల్చర్. నా ఆరో ఏటినుంచి చేస్తున్నా." గులాబీలు చూసి నవ్వబోయి ఆగింది. "సో స్వీట్. కానీ ఇప్పుడు కాదు ఫణీ. మా టీచర్ మానేస్తా అంటోంది."

డెబ్బై ఏళ్ళ టీచర్ ఓరైలీ డ్యాన్సు బూట్లు విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మనవరాలు సరదాగా డీఎన్‌ఏ కిట్ కొనిచ్చిందట. నమ్మి ట్యూబ్‌లో ఉమ్మింది. ఆ ఉమ్మే నమ్మకాన్ని ఊడ్చిపారేసింది: ఐరిష్ సున్నా శాతం!

"నేను అబద్ధపు ఐరిష్‌ని. ఇవాళ్టితో ఈ క్లాసు మూసేస్తాను," అందావిడ. ఆవిడది ఇంగ్లీషు, మనకోసం తెలుగు.

"నాకూ జీరో పర్సెంటే కదా! ఇరవై ఏళ్ళు నేర్పారు. మీరే అబద్ధమైతే మరి నేనెవర్ని?" అంది వేద.

ఏం చెయ్యాలో తోచక ఫణి, బల్లమీదున్న అతిథుల పుస్తకం అందుకున్నాడు. పేరు, పక్కన 'క్లాన్' అని గడి. క్లాన్ అంటే వంశం. వంశమంటే గోత్రం! గుడిలో అర్చన టికెట్లకి రాసిరాసి అలవాటైన చెయ్యి 'ఫణి, భారద్వాజ' అని రాసింది. ఊపు ఆగక కింద వేద పేరూ, అదే గోత్రమూ బరికింది.

పుస్తకం మూసెయ్యడానికి లేచొచ్చిన ఓరైలీ మొదటి వరుస చదివింది. "ఇదెక్కడి క్లాన్?"

"మా ఋషి పేరుమీద వచ్చింది మేడమ్. మీకు ఐరిష్, మాకు ఋషి!"

"రక్తసంబంధమా?"

"అబ్బే! మా నాన్న పుట్టింది కాశ్యప గోత్రంలో. నాలుగేళ్ళప్పుడు భారద్వాజ గోత్రం వాళ్ళు దత్తత తీసుకున్నారు. హోమం చేశారు, అంతే. యాభై ఏళ్ళుగా పూజలో భారద్వాజే చెబుతున్నాడు. ఏ దేవుడూ ట్యూబ్‌లో ఉమ్మమనలేదు."

ఓరైలీ చేతిలోని బూట్లకేసి చూసుకుంది.

"మా ముత్తాత అనాథ," అంది మెల్లగా. "ఓరైలీలు పెంచుకున్నారు. మా ఇంట్లో ఈ అడుగులు ఆయన దగ్గర్నుంచే వచ్చాయి."

"మరింకేం? మీది దత్తత ఐరిష్!"

ఆవిడ కుర్చీలో కూలబడి బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టింది. లేసులు వేద కట్టింది, ముక్కు ఎగబీలుస్తూ. హాలంతా ఈలలు.

ఈలోగా ఓరైలీ చూపు రెండో వరుసమీద పడింది. "మీ ఇద్దరిదీ ఒకే క్లానా? అన్నాచెల్లెళ్ళా?"

వేద పుస్తకం లాక్కుంది. "సేమ్ గోత్రం అయితే సిబ్లింగ్స్ అని మమ్మీ చెప్పింది! నువ్వు నాకు బ్రదర్‌వా?"

నలభై తలలు ఇటు తిరిగాయి.

"ఛఛ! పెళ్ళయ్యాక భార్యది భర్త గోత్రమేగా..." ఫణి చెవులు ఎర్రబడ్డాయి. "చెయ్యి తొందరపడి అడ్వాన్సుగా రాసేసింది."

వేద ఒక్క క్షణం వాణ్ణి చూసింది. పెన్ను తీసుకుంది. కొట్టేస్తుందని ఫణి కళ్ళు మూసుకున్నాడు.

ఆమె కుర్చీ ఎక్కి అందరికీ వినబడేలా చెప్పింది: "ఎవ్రీబడీ! ఇతను నా బ్రదర్ కాదు. నన్ను తన క్లాన్‌లో రాశాడంటే ప్రపోజ్ చేశాడన్నమాట. అడగకుండా రాయడం తప్పే. కానీ ఈ లైన్ నేను కొట్టెయ్యట్లేదు."