నల్ల కారుకు నాన్న పెట్టిన వంక

పెద్ద వరద వచ్చి పోయిన రెండో ఏడు జరిగిన సంగతి ఇది.

ఆదివారం పొద్దున్నే కార్ల సీట్లు కుట్టే మేస్త్రి షెడ్డు ముందు కార్ల పిచ్చోళ్లు చేరారు. వాళ్లలో మేస్త్రి కూతురూ ఉంది. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. వీళ్లకో అలవాటు. ఎవరు పాత కారు కొంటానన్నా మిగతావాళ్లు తలా ఒక వంక పెట్టాలి. అన్నిటికీ జవాబు చెప్పగలిగితేనే కొనాలి. ఆ వేళ కూతురి వంతు. నడిపి చూస్తానని అమ్మేవాణ్ణి అడిగి తెచ్చిన నల్ల కారు రోడ్డు వారన ఉంది. సాయంత్రానికల్లా దాన్ని తన సొంతం చేసుకోవాలని ఆమె తొందర.

"ఇంత స్పీడు కారు ఇంత చవగ్గా ఇస్తున్నాడంటే వాడు దానకర్ణుడన్నా అయ్యుండాలి, దొంగన్నా అయ్యుండాలి," అన్నాడు డ్రాయింగు మాస్టారు.

"పెట్రోలు పొయ్యలేక అమ్ముతున్నాడు మాస్టారూ. అది మీ బండిలా గాలి పీల్చి బతకదు."

"నా బండినేమీ అనకమ్మా. పక్కన నడిచేవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు."

అందరూ టర్బో అని పిలిచే బస్సు డ్రైవరు బానెట్లోంచి తల పైకెత్తాడు. "ఇంజను గొంతు విన్నావా చెల్లీ! పులే! నాదొక్కటే వంక. ఇది నాకు ముందు దొరకలేదు."

నవ్వులు. "నాన్నా, నువ్వూ ఒక వంక పెట్టు," అంది కూతురు.

మేస్త్రి లేచి వెళ్లి తలుపు తీశాడు. సీటు కింద చెయ్యి పెట్టి కార్పెట్టు అంచు తడిమాడు. నాలుగు కుట్లకో ముడి. అలా ముడి వేసేవాడు ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. వరద తగ్గాక పాత కార్లు అమ్మే ఒక యార్డులో, నీళ్లలో మునిగిన కార్లకు కొత్త కార్పెట్లు వేసి సీట్లు కుట్టింది ఆయనే. వాటిలో ఇదొకటి.

"ఏం లేదు," అనేసి మిషను ముందు కూర్చున్నాడు. ఆ పూట మూడు సూదులు విరిగాయి.

మధ్యాహ్నం ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోయాడు. వీధిలోకి వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు.

"కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు?" అంది భార్య.

కూతురు చెప్పులు వేసుకుంటోంది. "ఆ కారు వద్దు," అన్నాడు మేస్త్రి.

"ఎందుకు?"

"వద్దంటే వద్దు."

"పొద్దున అంతమందిలో అడిగితే ఏం లేదన్నావు. ఇప్పుడు వద్దా? ఆడపిల్లకి స్పీడు కారేమిటని నలుగురూ నవ్వుతారనా? చెప్పు నాన్నా!"

"మీరు ఊరికే అనరు," అంది భార్య మెల్లగా. "ఏముందో కక్కెయ్యండి."

ఆయన గోడకేసి తిరిగి చెప్పాడు. "స్టీరింగు దాకా మునిగిన బండి. బురద కడిగించి పైన కుట్టింది నేనే. లోపల వైర్లకి చిలుం పట్టుంటుంది. జోరు మీదుండగా ఏది ఆగిపోతుందో..."

కూతురు చెప్పులతోనే కుర్చీలో కూలబడింది.

"మునిగినవని తెలిసే కుట్టావా?"

"తెలిసే."

"నేను కాక ఇంకెవరైనా కొంటుంటే చెప్పేవాడివా?"

"చెప్పేవాణ్ణి కాదమ్మా."

ఆమె భోరున ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని అడిగింది. "అలాంటివి ఎన్ని?"

"ఇది కాక పది."

"వాటిల్లోనూ ఎవరో ఒకళ్ల పిల్లలు కూర్చుంటారు కదా నాన్నా."

మేస్త్రి తువ్వాలు మొహాన కప్పుకున్నాడు. భుజాలు అదురుతుంటే భార్య పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. సాయంత్రం కూతురు కారు తిరిగి ఇచ్చేసి వచ్చింది.

మర్నాడు పొద్దున మేస్త్రి షెడ్డు తియ్యలేదు. ఆ పది కార్లూ కొన్నవాళ్లలో ఆయనకు తెలిసిన ఇళ్లు రెండే. నడుచుకుంటూ బయలుదేరాడు. వీధి మలుపులో వెనక నుంచి స్కూటరు వచ్చి ఆగింది. కూతురి కళ్లు వాచి ఉన్నాయి.

"సెలవు పెట్టాను. ఎక్కు," అంది. "ముందు ఎవరింటికి?"

రొట్టెల బట్టీ యజమాని ఇంటి ముందు ఎర్ర కారు ఉంది. దాని వెనక సీట్లో స్కూలు సంచి. మేస్త్రి తలుపు తట్టాడు.

"మీ కారు సీట్లు కుట్టింది నేనండీ," అన్నాడు. "మీతో ఒక మాట చెప్పాలి."