ఇచ్చిన నెత్తురు

నేపుల్స్‌లో వేసవి వచ్చిందంటే, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరు ఊరంతా కిటికీలు మూసుకుని పడుకుంటుంది. ఆ వేళ వీధుల్లో తిరిగేవి పిల్లులూ, దయ్యాలే అని పెద్దవాళ్ళు పిల్లల్ని జడిపిస్తుంటారు. ఫోర్తూనాకి దయ్యాల భయం లేదు. ఉన్న బెంగల్లా ఒక్కటే. సబాతో మెడలో ఉన్న తన నెత్తురు తన చేతికి తిరిగొస్తుందా, రాదా?

మొగుడు సబాతో పోయి రెండేళ్ళు దాటింది. బతికున్న రోజుల్లో వాళ్ళిద్దరిదీ చూసేవాళ్ళకి కళ్ళు కుట్టే ప్రేమ. కంసాలుల సందులో వెండి మూతలున్న బుల్లి గాజు సీసాలు కొనుక్కుని, వేళ్ళు గుచ్చుకుని నింపుకున్నారు. అతని నెత్తురు ఆమె మెడలో, ఆమె నెత్తురు అతని మెడలో. "ఉంగరం వేలికే ఉంటుందే, ఇది గుండె మీద ఉంటుంది" అని మురిసిపోయేవాడు. ఏడాది తిరక్కుండానే స్కూటరు మీంచి పడి చనిపోయాడు. పెట్టె మూసే ముందు సీసా తీసేసుకోమని అందరూ చెప్పారు. ఫోర్తూనా వింటేగా! "ఉండనివ్వండి. నా నెత్తురు తనకి తోడుంటుంది" అంది. ఏడుస్తూ అన్న మాట. ఏడుస్తూ అన్నా మాట మాటే కదా.

ఇప్పుడామెకు చేపలమ్మే మరియానోతో పెళ్ళి కుదిరింది. "శవం దగ్గర నెత్తురు పెట్టి ఇంకొకడి చెయ్యి పట్టుకుంటావుటే? ఆ కాపురం నిలుస్తుందా? ముందు వెళ్ళి అది తెచ్చుకో" అని పిన్ని తలంటింది. తెచ్చుకోడానికి ఒక్కటే అవకాశం. ఈ ఊళ్ళో మనిషిని రెండుసార్లు సాగనంపుతారు. మట్టిలో ఎండిన ఎముకల్ని పైకి తీసి, కడిగి, తెల్లదుప్పటిలో చుట్టి, గోడలో గూట్లో పెట్టి మూసేస్తారు. మూశాక ఇక తెరవరు. ఇవాళ సబాతోని తీసే రోజు.

ప్రార్థన మందిరం కింద నేలమాళిగ. దిగుతుంటేనే తడిమన్ను వాసన, కొవ్వొత్తుల వాసన. అడుగున సబాతో తల్లి వించెంజమ్మ దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వచ్చావా కోడలా? పెళ్ళిగౌను కుట్టించుకునే హడావిడిలో మర్చిపోతావనుకున్నా."

"వస్తానన్నాగా అత్తయ్యా."

కాటికాపరి తొతోన్నో మన్ను తోడుతూ తలెత్తాడు. "అదృష్టవంతురాలివమ్మా వించెంజమ్మా. చక్కగా ఎండాడు. చెమ్మ లేదు. మనిషి శాంతిగా ఉన్నట్టే."

తర్వాత మెడ దగ్గర మన్ను చేత్తో తుడిచి... ఆగిపోయాడు. గొలుసు అలాగే ఉంది. సీసా అలాగే ఉంది. లోపల నెత్తురు ఎర్రగా, పల్చగా, అటూ ఇటూ కదులుతోంది.

తొతోన్నో గబగబా గుండెల మీద శిలువ గీసుకున్నాడు. "పెద్ద చర్చిలో, సీసాలో గడ్డకట్టిన పునీతుడి నెత్తురు కరగాలంటే ఊరంతా కూడి మొత్తుకోవాలి. ఇదేంటమ్మా, ఎవరూ పిలవకుండానే..." మాట పూర్తి చేయలేదు. పార గోడకి ఆనించాడు. "అన్నం వేళయింది. ఈ వేళ నేను కింద ఉండను. పైన తాళమేసి పోతా, లేకపోతే కుక్కలు దూరతాయి. మీరు కడుగుతూ ఉండండి."

"నేనూ వస్తా బాబాయ్..."

వించెంజమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యే గానీ ఇనప పట్టు. "కడగాల్సింది ఆడవాళ్ళం. నువ్వెక్కడికి?"

పైన తాళం పడింది.

ముసలావిడ ఒక్కో ఎముకా కడిగి తుడిచింది. పసివాడికి నీళ్ళు పోసినట్టు, చెవుల వెనక కూడా అన్నట్టు పుర్రెని తుడిచింది. ఫోర్తూనా గిన్నె పట్టుకుని నిలబడింది.

"సరే. నీది నువ్వు తీసుకో, వాడిది ఇచ్చెయ్. ఇచ్చి పుచ్చుకోవాలి. లాక్కుపోకూడదు."

సబాతో నెత్తురున్న సీసా ఫోర్తూనా దగ్గరెక్కడుంది? మరియానో మొహం మాడ్చుకుంటున్నాడని కిందటేడే సముద్రంలో విసిరేసింది. ముసలిదానికి ఆ ముక్క చెప్పగలదా? అందుకే అదే దుకాణంలో అలాంటిదే కొని, తన వేలే గుచ్చుకుని నింపి, గోధుమరంగుకి ఎండనిచ్చి తెచ్చింది. గాజులో ఎండాక ఎవరి నెత్తురైతే ఏం, ఎవరు పోలుస్తారు అనుకుంది.

మెడలోంచి తీసి ఇచ్చింది. వించెంజమ్మ దాన్ని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూసింది. ఎముకల మీద పెట్టి, పాత సీసా తీసి ఫోర్తూనా చేతిలో వేసింది. అది వెచ్చగా ఉంది. దుప్పటి చుట్టేసి ముడి వేసింది.

ఫోర్తూనా గట్టిగా ఊపిరి వదిలింది. అయిపోయింది. బయటపడ్డాను దేవుడా!

"వాణ్ణి కన్నది నేను" అంది వించెంజమ్మ మెల్లిగా. "వాడి నెత్తురు నాకు తెలియదుటే? అది వాడిది కాదు. నీదే." నవ్వింది. "మొదటిసారి ఏడుపులో ఇచ్చావు, పోనీలే అనుకున్నా. ఈసారి తెలివుండే ఇచ్చావు కోడలా. తాజాగా."

దుప్పటి లోపల చిన్న చప్పుడు.

గుటక వేసిన చప్పుడు.

ఫోర్తూనా మెట్లమీదికి పరుగెత్తింది. తలుపు మీద రెండు చేతులా బాదింది. "తొతోన్నో బాబాయ్! ఎవరైనా! తలుపు తియ్యండి!" పైన ఎండ. పైన ఊరు. అందరూ నిద్రలో. గుప్పిట్లో సీసా పటుక్కున పగిలింది. వెచ్చటిదేదో మణికట్టు మీదుగా పాకింది.

కింద మళ్ళీ... గుటక.

మెట్టు మీద కూలబడింది. దీపం ఆరిందో, కళ్ళకే చీకట్లు కమ్మాయో తెలియలేదు. ఇంకో గుటక. ఈసారి దగ్గరగా... ఆమె తలుపుకి అతుక్కుపోయి కళ్ళు మూసుకుంది.

తాళం తిరిగింది.

వెలుతురు. తొతోన్నో గొణుక్కుంటూ ఆమెని దాటుకుని కిందికి దిగాడు. బయట గేటు దగ్గర చేపల బండి మీద మరియానో, ఆమెకోసమే వచ్చాడు. వెర్రిదానిలా వెళ్ళి అతని చొక్కా పట్టుకుంది. చేపల వాసన ఎప్పుడూ అంత హాయిగా అనిపించలేదు.

"ఏమైందే పిల్లా? సున్నంలా పాలిపోయావు? ఏదీ, చెయ్యి చూపించు."

గుప్పిట విప్పింది. అరచేతిలో గాజుముక్క లోతుగా దిగి ఉంది. మరియానో పళ్ళు బిగబట్టి మెల్లిగా లాగాడు. గాయం నోరు తెరుచుకుంది. ఇందాక వెచ్చగా తడిసిన మణికట్టు పొడిగా, శుభ్రంగా ఉంది.

"నీ అదృష్టం చూడు" అని నవ్వాడతను. "ఇంత తెగినా చుక్క రాలేదు."

ఆమె గాయం అంచులు నొక్కింది. ఇంకా నొక్కింది. వేలు కూడా ఆ గాజుముక్కతో కోసుకుంది. అక్కడా చుక్క లేదు. మరియానో నవ్వు ఆగిపోయింది.

లోపల్నుంచి తొతోన్నో కేక వినిపించింది. "వించెంజమ్మా! ఎండాడనే కదా తీశాం... ఈ దుప్పటేంటి ఇలా తడిసిపోతోంది?"

"అరవకయ్యా" అంది ముసలావిడ. తర్వాత మాట కొడుక్కి. ఆ గొంతులో ఎంత ముద్దో! "నెమ్మదిగా నాయనా, నెమ్మదిగా... కంగారెందుకు? అదెక్కడికీ పోదు."