మోత ఆగిన మెషిన్

1994 జులై 19, మంగళవారం. ఉదయం 11.20.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే రోడ్డు మీద, లిఫ్ట్ ఇరిగేషన్ పంపుల భాగాలు తయారుచేసే వర్క్‌షాప్. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ పక్కన సిమెంటు నేల మీద శవం ఉంది. పైన ఎవరో గోనెపట్టా కప్పారు.

చనిపోయింది ఆపరేటర్ జైరాం. ముప్ఫై నాలుగేళ్లు. చండ్రుగొండ దగ్గరి తండా మనిషి. డ్రిల్ బిగించి ఉండే మూడు క్వింటాళ్ల మెషిన్ హెడ్ పైనుంచి దిగి అతని ఛాతీని బల్లకు అదిమేసింది. టీకి వెళ్లినవాళ్లు 10.50కి తిరిగొచ్చి, గడ్డపారలతో హెడ్ ఎత్తి బయటికి లాగారు. అప్పటికే ప్రాణం లేదు.

సీఐ హాతీరాం పట్టా ఎత్తి చూశాడు. మళ్లీ కప్పాడు. మెషిన్ బల్ల మీద విరిగిన డ్రిల్, కింద సుత్తి పడి ఉన్నాయి.

యజమాని వెంకటరామారావు ప్రమాదం ఎలా జరిగిందో అప్పటికే కాగితం రాయించి ఉంచాడు. డ్రిల్ ఇనుములో ఇరుక్కుని మెషిన్ ఆగింది. దాన్ని విడిపించబోయి జైరాం పొరపాటున హెడ్ దించే బటన్ నొక్కాడు. తప్పు అతనిదే. చూసినవాళ్లు లేరు.

జైరాం భార్య రుక్మిణి గేటు దగ్గర కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"సారూ, నాలుగేండ్ల సంది ఆ మెషినే నడిపిండు. ఏ బటన్ ఏందో ఆయనకు ఎరుక లేదా?"

ఆ ప్రశ్న హాతీరాంని కుదురుగా ఉండనివ్వలేదు.

మెయింటెనెన్స్ ఇంజనీర్ బసవపున్నయ్య మధిర వైపు మనిషి. ప్రమాదం జరిగినప్పుడు స్టోర్ గదిలో ఉన్నానని చెప్పాడు. మెషిన్ ఆన్ చేసి, హెడ్ పైకి లేపి, మెషిన్ తనంతట ఆగిపోయేలా కావాలనే అలారం తెప్పించాడు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి. హెడ్ కదలకుండా నిలబడింది. బటన్ నొక్కనిదే దిగదన్నాడు.

అంతా సరిగానే ఉంది. కానీ పక్క లేత్ మీద పనిచేసే బద్యా మెషిన్ వైపే తేరిపార చూస్తున్నాడు. హాతీరాం అతన్ని పక్కకు తీసుకెళ్లాడు.

"ఏంది చూస్తున్నవ్?"

"సప్పుడు లేదు సార్. శుక్రవారం సంది ఆ హెడ్ తేనెటీగల లెక్క గుయ్యిమంటుండె. ఊకె నిలబడ్డా మోతే. పొద్దుగాల గూడ ఉండె. ఇప్పుడు లేదు."

హాతీరాంకి మెషిన్ల సంగతి తెలియదు. కానీ నాలుగు రోజుల మోత దానంతట అది ఆగదని తెలుసు. పొద్దుటికీ ఇప్పటికీ మధ్య ఎవరో ఏదో మార్చారు.

శవాన్ని పోస్ట్‌మార్టంకి పంపాక, 2.15కి అందరినీ మెషిన్ దగ్గరికి పిలిచాడు. రుక్మిణిని కూడా రమ్మన్నాడు. వెనక క్యాబినెట్ తెరిపించాడు. హెడ్ మోటారుని నడిపే సర్వో డ్రైవ్ అందులో ఉంది. దాని మీద వరసగా బుల్లి స్విచ్‌లు. అన్నిటి మీదా దుమ్ము. ఒక్క స్విచ్ మాత్రం శుభ్రంగా ఉంది.

"ఇదేం స్విచ్?"

బసవపున్నయ్య దగ్గరికి వచ్చాడు. "కంట్రోల్ మోడ్ సార్. పైకి ఉంటే స్పీడ్ మోడ్. కిందికి ఉంటే టార్క్ మోడ్."

తేడా ఏమిటో హాతీరాం ఒక్కొక్క మాటా అడిగి రాబట్టాడు. అలారం వస్తే మెషిన్ కంప్యూటర్ డ్రైవ్‌కి సున్నా పంపి ఊరుకుంటుంది. స్పీడ్ మోడ్‌లో ఆ సున్నాకి కదలొద్దని అర్థం. ఎంత బరువున్నా మోటారు పట్టుకుని నిలబడుతుంది. టార్క్ మోడ్‌లో అదే సున్నాకి బలం పెట్టొద్దని అర్థం. పట్టు వదిలేస్తుంది.

హెడ్‌ని పట్టి ఆపే బ్రేక్ ఉంది కానీ, అది కరెంటు పోతేనే పడుతుంది. అలారానికి పడేట్టు వైరింగ్ లేదు.

హాతీరాం స్విచ్ కిందికి మార్పించాడు. హెడ్ కింద కర్రదుంగ పెట్టించి పవర్ ఇవ్వమన్నాడు. గుయ్యిమని మోత మొదలైంది. బద్యా తలూపాడు. అలారం తెప్పించారు.

హెడ్ దబ్బున దిగి దుంగను బల్లకు అదిమింది.

జైరాం ఏ బటనూ నొక్కలేదు. మెషిన్ ఆగాక ఇరుక్కున్న డ్రిల్లే హెడ్‌ని మోసింది. అతను వంగి సుత్తితో తట్టగానే డ్రిల్ విరిగింది. మోసేది లేక హెడ్ పడింది.

"మోడ్ ఎందుకు మార్చినవ్?" హాతీరాం అడిగాడు. బసవపున్నయ్య చెప్పాడు.

స్పీడ్ మోడ్‌లో లోతైన రంధ్రాలు వేస్తుంటే డ్రైవ్ మాటిమాటికీ ట్రిప్ అయి ఆగిపోయేది. నాట్లలోపు పంపులు అందాలని యజమాని తొందరపెట్టాడు. శుక్రవారం మోడ్ మారిస్తే ట్రిప్ అవడం మానేసింది. బ్రేక్ వైరింగ్ మార్చాలంటే ఒకరోజు మెషిన్ ఆపాలి. యజమాని తర్వాత చూద్దామన్నాడు. వెంకటరామారావు కాదనలేదు.

హాతీరాం నోట్‌బుక్ తీశాడు. మెషిన్ మెమరీలో పొద్దుటి అలారం టైం 10.34. దవాఖానాకు ఫోన్ వెళ్లింది 10.52.

"స్విచ్ వెనక్కి మార్చింది ఎప్పుడు?"

"హెడ్ పడిన చప్పుడు విని వచ్చాను సార్. పవర్ ఆపేసి... ముందు అదే మార్చాను. మళ్లీ స్టోర్‌కి పోయి కూర్చున్నాను."

రుక్మిణి ముందుకు వచ్చింది.

"నువ్వు వచ్చేసరికి మా ఆయన పానంతోటి ఉన్నడా?"

బసవపున్నయ్య క్యాబినెట్ తలుపు మూశాడు.

"నీళ్లు అడిగాడమ్మా."

"ఇచ్చినవా?"

"లేదమ్మా. స్విచ్ మార్చి వెళ్లిపోయాను."